బోణీ వేళ అడిగిన గడువు

నేను చేసిన బేరాలన్నిటిలోకీ గొప్ప బేరం ఒకటుంది. ఎదుటి మనిషి అడిగీ అడగ్గానే సరేనన్నాడు. నేను ఇంటికొచ్చి కాదన్నాడని చెప్పాను. అంతే. పెట్టుబడి ఒక్క రూపాయి లేదు, రెండో మాట లేదు. ఒక మనిషి జీవితంలోంచి నిండు ఏడాది పోయింది. ఇంత చవగ్గా ఇంత సరుకు మా జగ్గయ్యపేట బజారులో ఇంతవరకూ ఎవరూ కొట్టి ఉండరు.

వినడానికి గొప్పగానే ఉంది. నాలుగేళ్ళకు పైగా నాకు నేను ఇలాగే చెప్పుకుంటున్నాను, వెటకారంగా చెప్పుకుంటే బరువు కాస్త తగ్గుతుందేమోనని. తగ్గలేదు. కొట్లో గాజులు సైజుల వారీగా సర్దుతుంటాను, ఆ బరువు వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎవరైనా నా మాట మీద నమ్మకం అంటారు, చేతిలో గాజులు మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టుకుంటాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతో చెబుతున్నాను. పేరు మాత్రం మారుస్తాను. మా తోడికోడలిని శారద అనుకోండి.

నేను పుట్టి పెరిగింది పేటలో. మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెను గోటితో కొట్టి, చప్పుడు విని, ఎంత మందమో పదేళ్ళప్పుడే చెప్పేదాన్ని. నందిగామకి కాపురానికి వచ్చాక ఇంటి ముందు గదిలో ఫాన్సీ కొట్టు పెట్టాను. మా ఆయన చెప్పుల జత కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని వెళ్తాడు. చుట్టాల్లో ఎవరింట్లో ఫ్రిజ్జు కొన్నా, స్థలం కొన్నా నాకు ఫోన్ వస్తుంది. పొగరు కాదా అంటే, పొగరే. పెద్ద చదువు లేనిదానికి ఆమాత్రం పొగరన్నా లేకపోతే ఎలా?

అప్పు సంగతికి వస్తాను. మా మరిది, అంటే శారద భర్త, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి తిప్పుదామని పాత లారీ ఒకటి కొన్నాడు. ఏడాది తిరక్కుండానే ఇంజను పోయింది. లారీ తుక్కు కింద పోయింది, అప్పు నిలబడింది. అప్పిచ్చింది పేటలో ఇనప సామాన్ల కొట్టాయన. మా నాన్నకి పక్క కొట్టు. చిన్నప్పటినుంచీ బాబాయ్ అని పిలుస్తాను. అసలు రెండు లక్షల ఎనభై వేలు. వడ్డీ దాదాపు అంతకంత ఎక్కి కూర్చుంది. నేను వెళ్ళి ఒక పూటంతా కూర్చుని, మూడు కాఫీలు తాగి, రెండుసార్లు లేచి వెళ్ళిపోతున్నట్టు గుమ్మం దాకా నడిచి, వడ్డీ మొత్తం కొట్టేయించాను. నెలకి ఎనిమిది వేలు, ముప్ఫై అయిదు నెలలు. ఒక్క కిస్తీ తప్పినా పాత వడ్డీ మళ్ళీ లేస్తుంది. తీరేదాకా కొత్త అప్పు ఎక్కడా చెయ్యకూడదు. ఆ చివరి షరతు ఆయన అడగలేదు. బేరం కుదరడానికి నేనే ఎదురిచ్చాను.

మా బజారులో ఇలాంటి ఒప్పందాలకి ఒక పద్ధతుంది. మధ్యవర్తి మాటే పూచీ. అప్పున్న మనిషి, అప్పిచ్చిన మనిషి తీరేదాకా ముఖాముఖి మాట్లాడుకోరు. మాట్లాడుకుంటే ఒకరు బతిమాలుకుంటారు, ఒకరు కసురుకుంటారు, ఒప్పందం చెడుతుంది. డబ్బు వెళ్ళినా, కబురు వెళ్ళినా మధ్యవర్తి చేతుల మీదుగానే. ఇక్కడ ఆ మధ్యవర్తిని నేను. ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఆ పద్ధతే లేకపోతే నా అబద్ధం ఒక్క రోజు కూడా నిలిచేది కాదు.

శారద మా వీధి చివర ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి టీచరు. జీతం తొమ్మిది వేలు. మరిది వేరేవాళ్ళ లారీకి డ్రైవరుగా కుదిరాడు. ఇద్దరి సంపాదనలోంచీ కిస్తీకి తీసిపెట్టగా మిగిలిన దాంతో తింటూ, ఆ అమ్మాయి దూరవిద్యలో డిగ్రీ చదివేది. అప్పు మీద పడ్డప్పుడు చదువు మానేస్తుందనుకున్నాను. మానలేదు. చీర కొనుక్కోవడం మానేసింది, ఆటో మానేసింది, రెండో పూట పాలు మానేసింది. పుస్తకాలకి పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసి, పప్పు ఉడికేలోపు నాలుగు పేజీలు చదివేది.

నాకు ఒళ్ళు మండేది.

ఎందుకు? ఆమె చదివితే నాకు పోయిందేముంది? అప్పట్లో నాకు నేను చెప్పుకున్న సమాధానం, అప్పుల్లో ఉన్న ఇంట్లో ఈ ఫీజుల ఖర్చేమిటని. అది సమాధానం కాదు. నిజం చెబుతాను. వచ్చినవాళ్ళందరికీ మా అత్తగారు "మా చిన్నకోడలు డిగ్రీ చదువుతోందండి" అని చెప్పేది. నేను పక్కనే ఉండేదాన్ని. నా గురించి "పెద్దకోడలు మాటకారి" అనేది. లక్షల వడ్డీ కొట్టేయించిన మనిషి మాటకారి. ఇంకా ఫీజు బాకీ ఉన్న మనిషి చదువుకున్నది. ఇంకొకటి కూడా ఉంది, అది మరీ గుచ్చుకునేది. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. కొట్లో నేను కూర్చుని ఉండగానే, నోట్‌బుక్కు పట్టుకుని నన్ను దాటుకుని "పిన్నీ, ఈ లెక్క రావట్లేదు" అంటూ వెనక వాటాలోకి వెళ్ళేది. ముప్ఫై ఏడు వస్తువుల బిల్లు నోటితో కూడేసే తల్లి ఎదురుగా ఉంటే, లెక్క కోసం పిన్ని దగ్గరికి! ఒకసారి పిలిచి నేను చెబుతానన్నాను. పుస్తకంలో అంకెల మధ్య అక్షరాలున్నాయి, ఎప్పుడో చదివి పూర్తిగా మరిచిపోయినవి. చూసి, "వెళ్ళు, పిన్ని చెబుతుందిలే" అన్నాను.

ఒప్పందం మొదలై పదమూడు కిస్తీలు కట్టాం. పద్నాలుగో నెల, జనవరి మొదట్లో, శారద కొట్లోకి వచ్చింది. బేరానికి వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది. ఆఖరి సంవత్సరం ఫీజు, పరీక్ష ఫీజు కలిపి ఏడు వేల నాలుగు వందలు. నెలాఖరులోపు కట్టాలి. ఈ ఒక్క కిస్తీ ఆపి వచ్చే నెల రెండూ కలిపి ఇస్తానని బాబాయిని అడగమంది. వచ్చే నెలకి వాళ్ళమ్మ మిరపకోతల కూలి డబ్బు సర్దుతానందట. ఆ పరీక్షలు రాసినట్టు హాల్ టికెట్ చూపిస్తే చాలు, జూన్ నుంచి పెద్ద తరగతులిస్తానని, పద్నాలుగు వేలిస్తానని వాళ్ళ ప్రిన్సిపాల్ మాటిచ్చిందట.

"నువ్వడిగితే కాదనడక్కా," అంది. "నీ నోటికి ఎదురేముంది?"

నా గల్లాపెట్టెలో ఆ పూట పదకొండు వేలున్నాయి. హోల్‌సేల్ వాడికి ఇవ్వాల్సినవి, నిజమే. వాడు వారం ఆగేవాడు. అది నాకు తెలుసు. శారద నన్ను డబ్బు అడగలేదు. కొత్త అప్పు చెయ్యకూడదన్న షరతు ఆమె అంత నిష్ఠగా పట్టుకుంది. నేను ఇవ్వజూపలేదు. అడుగుతానులే అన్నాను.

అడగడానికి వెళ్ళాను కూడా. ఎప్పుడు వెళ్ళానో వినండి. బజారు పిల్లనైన నాకు, గడువు అడగాలంటే ఎప్పుడు వెళ్ళాలో తెలియదా? మధ్యాహ్నం, గల్లా నిండాక, భోజనం చేసి మనిషి చల్లబడ్డాక వెళ్ళాలి. నేను మొదటి బస్సుకే వెళ్ళాను. చిల్లకల్లు దాటేసరికి ఎనిమిది కాలేదు. బాబాయి అప్పుడే షట్టరెత్తి, నీళ్ళు చల్లి, అగరొత్తి ముట్టిస్తున్నాడు. బోణీ కాకముందు వచ్చి డబ్బు తరవాతిస్తామనే మనిషిని మా బజారులో ఏ కొట్టువాడూ క్షమించడు. ఆ రోజంతా వ్యాపారం ఎండిపోతుందని నమ్మకం. కాదనిపించుకోవడానికి అంతకంటే మంచి వేళ లేదు. నేను కోరి ఆ వేళకే వెళ్ళాను. కాదంటే తప్పు ఆయనది. నేను అడిగినట్టూ ఉంటుంది.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే? కిస్తీ తెచ్చావా?"

"తేలేదు బాబాయ్. ఈ నెల ఆగమని అడుగుదామని వచ్చా."

అగరొత్తి పట్టుకున్న చెయ్యి ఆగింది. "బోణీ కాలేదే తల్లీ ఇంకా. ఈ వేళప్పుడు అడిగే మాటేనా ఇది? కొట్లో పుట్టిన పిల్లవి, నీకు నేను చెప్పాలా?"

హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఎందుకట?" అన్నాడు.

"మా తోడికోడలు డిగ్రీ పరీక్షకి ఫీజు కట్టాలంట."

ఆయన అగరొత్తిని పటం దగ్గర గుచ్చాడు. దండం పెట్టుకుని ఇటు తిరిగాడు. మొహంలో కోపం లేదు.

"అప్పు కడతానే చదువుతోందా ఆ పిల్ల? అయితే కట్టమను. వచ్చే నెల కాకపోతే ఆఖర్న ఇమ్మను, కిస్తీ ఎక్కడికీ పోదు. సరస్వతి పేరు చెప్పి అడిగావు, ఇవాళ్టికి నాకదే బోణీ."

ఆయనే మళ్ళీ అన్నాడు, నవ్వుతూ.

"మీ నాన్నకి అప్పుడే చెప్పానే, నిన్ను డిగ్రీలో చేర్చమని. ఫీజు నేను కడతానన్నా. నువ్వే వద్దన్నావంటగా! కాలేజీ మానేస్తా, కొట్లో కూచుంటా, బుట్టకమ్మలు చేయించమని బేరం పెట్టావంట. మీ నాన్న ఒకటే నవ్వు. నా కూతురు గట్టిదిరా అని బజారంతా చెప్పుకున్నాడు."

అది నిజం. ఇంటరు ప్యాసయ్యాక అలాగే చేశాను. అప్పుడది నాకు గెలుపులాగే అనిపించింది. నాన్న చదివించలేదని తరవాత ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. మా ఆయనకి అలాగే చెప్పాను, మా అమ్మాయికి అలాగే చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో, చివరికి నేనే నమ్మేశాను. ఆ అగరొత్తి పొగలో నిలబడితే తెలిసింది, నా చదువును అమ్మింది నేనేనని. శారద ఏది వదులుకోనందో, దాన్ని నేను పిలిచి మరీ వదిలించుకున్నాను. పైగా దాన్ని అందుకోవడానికి ఆమెకి బతిమాలే పని కూడా లేకపోయింది. వడ్డీ కోసం నేను పూటంతా గింజుకున్న చోట, ఆమె అక్కడ లేకుండానే, ఆమె చదువు పేరు చెబితే చాలు, పని అయిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అరగంటకి పైగా ప్రయాణం. ఏమేమి ఆలోచించానో గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. అబద్ధం చెప్పాలని ఎప్పుడు నిర్ణయించుకున్నాను? ఎంత వెతికినా ఆ క్షణం దొరకదు. నిర్ణయించుకోలేదని మీతో అంటే అది ఇంకో అబద్ధం. బస్సు దిగి నడుస్తున్నప్పటికే మొహం అలా పెట్టుకుని ఉన్నాను, కుదరని బేరం నుంచి తిరిగొచ్చే మొహం. ఆ మొహం పెట్టడం నాకు బాగా వచ్చు.

గుమ్మంలో నిలబడి ఉంది శారద. స్కూలుకి వెళ్ళే టైమవుతున్నా వెళ్ళలేదు.

"లాభం లేదమ్మాయ్. ఒక్క నెల తప్పినా వడ్డీ మొదట్నుంచీ లెక్కకడతానన్నాడు," అన్నాను.

ఆమె కళ్ళు ఒక్కసారి నా చేతిసంచీ మీదికి వెళ్ళి, మళ్ళీ నా మొహం మీదికి వచ్చాయి.

"పోన్లే అక్కా. నాకోసం పొద్దున్నే పరిగెత్తావు. టిఫినన్నా చేశావో లేదో," అంది. లోపలికి వెళ్ళి నాకు ఉప్మా పెట్టి తెచ్చి, స్కూలుకి వెళ్ళిపోయింది. నేను తిన్నాను. అది కూడా చెప్పాలి. ఆకలేసింది, తిన్నాను.

అయిదో తారీఖు ఎనిమిది వేలు పట్టుకుని మళ్ళీ పేట వెళ్ళాను. బాబాయి ఆశ్చర్యపోయాడు. ఆగమన్నాను కదా అన్నాడు. ఏం చెప్పాలి? "వద్దంది బాబాయ్. ఇచ్చిన మాట తప్పనంది," అన్నాను. ఆయన డబ్బు కళ్ళకద్దుకున్నాడు. అలాంటి పిల్ల ఇంట్లో ఉండటం మా అదృష్టమన్నాడు. నా అబద్ధాన్ని దాచడానికి చెప్పిన రెండో అబద్ధం ఆమెను ఇంకో మెట్టు ఎక్కించింది. అక్కడా నాకు ఏడుపే మిగిలింది.

జూన్‌లో ఆ పెద్ద తరగతుల ఉద్యోగం ఇంకో అమ్మాయికి వెళ్ళింది. శారద మరో ఏడాది చిన్నపిల్లల ముక్కులు తుడుస్తూ, పాటలు పాడిస్తూ గడిపింది. ఆ సాయంత్రాలు కొన్ని నేను చూశాను. పుస్తకాలకి అట్టలు అలాగే ఉన్నాయి. తెరిచేది కాదు. రెండు మూడు నెలలు అలా ఉంది. నేను సంతోషించానా? మొదటి వారం సంతోషించాను. దాచను. ఆ తరవాత మా అమ్మాయి లెక్క పట్టుకుని వెళ్తే, తలనొప్పిగా ఉందమ్మా అని పంపించేసింది. పిల్ల నా దగ్గరికే వచ్చి నిలబడింది. నేను కోరుకున్నదే కదా. ఆ నోట్‌బుక్కు వైపు చూడలేకపోయాను.

మళ్ళీ తనంతట తానే లేచింది. పై ఏడాది ఆలస్య రుసుముతో సహా ఫీజు కట్టింది, రాసింది, ఫస్ట్ క్లాసులో ప్యాసయింది. మా వీధి స్కూల్లో అప్పటికి ఖాళీ లేదు. పరిటాలలో ఒక స్కూల్లో పద్నాలుగు వేలకి దొరికింది. పొద్దున ఏడింటికి బస్సు. కీసర దాటి, కంచికచర్ల దాటి వెళ్ళాలి. సీటు దొరకదు, నిలబడే వెళ్తుంది.

అదే ఏడాది అక్టోబరులో ఆఖరి కిస్తీ. ఆ రోజుకి అప్పున్న మనిషి స్వయంగా వెళ్ళాలి. ప్రోనోటు చేతికందుకుని అక్కడే చింపెయ్యాలి. అదీ మా పద్ధతే. మరిది డ్యూటీలో ఉన్నాడు. శారద వస్తానంది. నేను వాయిదా వేద్దామని చూశాను, వంట్లో బాలేదన్నాను, పండగ రద్దీ అన్నాను. ఎన్నాళ్ళని ఆపను? ఆదివారం పూట ఇద్దరం పేట వెళ్ళాం.

బాబాయి ఆమెను ఎగాదిగా చూశాడు. కుర్చీ లాగి వేశాడు. "నువ్వేనా అమ్మా, ఫీజుకి గడువిస్తానన్నా వద్దని కిస్తీ పంపిన పిల్లవి?"

కొట్లో ఫ్యాను తిరుగుతోంది. నేను నోటిని నమ్ముకుని బతికినదాన్ని. బల్ల మీదున్న మేకుల్ని సైజుల వారీగా వేరుచెయ్యడం మొదలుపెట్టాను.

శారద నావైపు తిరిగి చూసింది. ఎంతసేపో చెప్పలేను, ఎక్కువసేపు కాదు. కోపంగా కూడా కాదు. లెక్క మళ్ళీ మొదటినుంచీ కూడుకుంటున్న మనిషి చూసినట్టు చూసింది. తరవాత ఆయన వైపు తిరిగింది.

"అవునండి. నేనే," అంది.

నోటు అందుకుని చింపింది. ముక్కలు అక్కడున్న డబ్బాలో వేసింది. బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. మా అమ్మాయి పరీక్షల గురించి తనే ఏదో మాట్లాడింది. ఆ మాట మాత్రం ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఇప్పటివరకూ ఎత్తలేదు. అక్కా అనే పిలుస్తుంది. పండగకి పిండివంటలు పంపిస్తుంది. ఒక్కటే మారింది. నా చేత బేరం చేయించదు. కూరగాయలబండి మా గుమ్మంలో ఆగితే, వాడు చెప్పిన ధరకే కొంటుంది, నేను అక్కడే నిలబడి ఉన్నా సరే. మొదట్లో "అంత ఇస్తావేంటి, ఉండు" అని కలగజేసుకోబోయాను. "పర్లేదక్కా" అంది. ఆ పర్లేదు విన్నాక ఇంక వెళ్ళలేదు.

ఆమె ఎందుకు దాచింది? నా పరువు కోసమా, ఇంటి కోసమా, లేక నన్ను జీవితాంతం ఇలా ఉంచడానికా? ఈ మూడోది నా బుద్ధికే తోచే ఆలోచన. ఆమె అలాంటిది కాదు. కాకపోవడం కూడా నాకు కడుపుమంటే. అవును, ఇప్పటికీ. ఇది రాస్తున్నప్పుడు కూడా. ఒప్పుకుంటే అసూయ పోతుందని ఎవరైనా మీతో చెబితే నమ్మకండి.

మొన్న ఒక చుట్టం వచ్చాడు, వాళ్ళ అప్పు ఒప్పందానికి నన్ను మధ్యవర్తిగా ఉండమని. నా మాటకి నందిగామలోనూ పేటలోనూ విలువుందట. కుదరదని పంపించేశాను. ఎందుకు కుదరదో అతనికి చెప్పలేక, మీకు చెబుతున్నాను. చెబుతుంటే చెయ్యి కాస్త తేలికగా కదులుతోంది, అదొక్కటీ నిజం. శారదతో నోరు తెరిచి చెప్పలేదు. చెబుతానని మాటివ్వను. నా మాటల సంగతి చూశారు కదా.

ఇక బిల్లు. కొట్టు మనిషిని, బిల్లు రాయకుండా ఉండలేను.

నెలకి అయిదు వేల జీతం తేడా, పన్నెండు నెలలకి అరవై వేలు. ఆలస్య రుసుము పద్దెనిమిది వందలు. పరిటాల బస్సు రానూపోనూ యాభై, రెండేళ్ళ స్కూలు రోజులు నాలుగు వందల నలభై, ఇరవై రెండు వేలు. ఇటీవల ఆడవాళ్ళకి టికెట్టు లేకుండా చేశారు కాబట్టి అక్కడితో ఆపాను. నిలబడి వెళ్ళడానికి ధర కట్టడం రాక వదిలేశాను. మొత్తం ఎనభై మూడు వేల ఎనిమిది వందలు. అలవాటు చొప్పున తగ్గింపులకి కూడా వెతికాను. ఆ ప్రిన్సిపాల్ మాట తప్పేదేమో, సగం కొట్టేద్దామా అని. ఆ ఏడాది రాసినా పరీక్ష తప్పేదేమో అని. తప్పేది కాదు. నాకు తెలుసు, అందుకే కదా రాయనివ్వలేదు. తగ్గింపు లేదు. ఎనభై మూడు వేల ఎనిమిది వందలు, ఒక ఏడాది. ఇందులో ఇప్పటిదాకా నేను కట్టింది ఏమీ లేదు.